ఖాళీయా కాదా అన్నది మన స్క్రిప్టు తేల్చకూడదు

ఫైళ్లను ఒకచోటి నుంచి మరోచోటికి సర్దిన ప్రతిసారీ వెనకాల కొన్ని ఖాళీ ఫోల్డర్లు మిగిలిపోతాయి. ఫొటోలను సంవత్సరాల వారీగా మార్చుకున్నాక పాత తేదీల ఫోల్డర్లు అలాగే ఉంటాయి. ప్రోగ్రామ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఫైళ్లు పోయినా, దాని పేరుతో ఒక ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్ పడి ఉంటాయి. జిప్ ఫైళ్లు విప్పినప్పుడు, రెండు బ్యాకప్‌లు కలిపినప్పుడు, డూప్లికేట్లు తీసేసినప్పుడు కూడా ఇదే తంతు. కమాండ్ లైన్ కాస్త అలవాటైన వాళ్లు వీటిని ఏరిపారేయడానికి ఓ చిన్న స్క్రిప్టు, అంటే వరసగా నడిచే కమాండ్ల ఫైలు, రాసుకుంటారు. పది లైన్లు కూడా ఉండదు. అరగంటలో అయిపోతుంది, పని కూడా చేస్తుంది.

ఇంత చిన్న పని గురించి ఇంత రాయడం ఎందుకంటే, ఆ పది లైన్లను చాలామంది రాసే పద్ధతితో నాకు పేచీ ఉంది. ఆ స్క్రిప్టులు ముందు ఫోల్డర్‌లో ఏముందో చూస్తాయి. ఏమీ కనబడకపోతే ఖాళీ అని తీర్మానిస్తాయి. ఆ తర్వాత, లోపల ఎంత సరుకున్నా తుడిచిపెట్టేయగల కమాండ్‌ని పిలిచి ఫోల్డర్‌ని చెరిపేస్తాయి. అంటే చూసేది ఒకటి, చెరిపేది ఇంకొకటి. చూడటంలో పొరబాటు జరిగితే, చెరిపే కమాండ్‌కి ఆ సంగతి తెలిసే దారే లేదు. నా మాట ఏంటంటే, ఈ పనికి ఖాళీ కాని ఫోల్డర్‌ని చెరపడం అసలు చేతకాని కమాండ్‌నే వాడాలి. ఖాళీయా కాదా అన్నది ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్ల లెక్క చూసే వ్యవస్థ) తేల్చాలి, మన కోడ్ కాదు.

అలాంటి కమాండ్ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. లినక్స్‌లో, మ్యాక్‌లో దాని పేరు ఆర్‌ఎమ్‌డిర్. విండోస్‌లో ఆర్‌డి, దానికి ఎస్ స్విచ్ ఇవ్వనంతవరకు అది ఖాళీ ఫోల్డర్లనే తీస్తుంది. పైథాన్‌లో అయితే ఓఎస్ మాడ్యూల్‌లో ఆర్‌ఎమ్‌డిర్ పేరుతోనే ఫంక్షన్ ఉంది. ఫోల్డర్‌లో ఒక్క ఫైలున్నా ఈ మూడూ ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటాయి. బలవంతంగా చెరిపించే ఆప్షన్ ఆర్‌ఎమ్‌డిర్‌కి లేనే లేదు. ఆ లేకపోవడమే నాకు కావలసింది.

చోటు కోసం కాదు

డిస్క్‌లో చోటు కలిసొస్తుందని ఈ పని మొదలుపెడితే నిరాశే మిగులుతుంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ మామూలుగా 4096 బైట్ల బ్లాక్ ఒకటి, ఐనోడ్ (ఫైలు లేదా ఫోల్డర్ వివరాలుండే రికార్డు) ఒకటి తీసుకుంటుంది. లక్ష ఖాళీ ఫోల్డర్లున్నా లెక్క 400 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఇంకా తక్కువ. చిన్న ఫోల్డర్ వివరమంతా సాధారణంగా 1 కేబీ ఉండే ఒకే రికార్డులో ఇమిడిపోతుంది. ఐనోడ్ల సంగతి కొంచెం వేరు. ఎక్స్‌టీ4లో వాటి సంఖ్య ఫార్మాట్ చేసేటప్పుడే ఖరారవుతుంది, ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే దాదాపు 16 కేబీకి ఒకటి చొప్పున. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు, ఫోల్డర్లు పుట్టించే సర్వర్‌లో చోటు మిగిలి ఉండగానే ఐనోడ్లు అయిపోయి డిస్క్ నిండిందనే ఎర్రర్ రావచ్చు. మామూలు కంప్యూటర్లకి ఆ బెడద దాదాపు ఉండదు.

మరి ఎందుకు తీయడం? ఖాళీ ఫోల్డర్ పేరు అబద్ధం చెబుతుంది కాబట్టి. ‘ఫొటోలు ఒరిజినల్స్’ అనే ఫోల్డర్ బ్యాకప్ డ్రైవ్‌లో కనబడితే అసలు ఫొటోలు భద్రంగా ఉన్నాయని మనసు కుదుటపడుతుంది. తెరిచి చూడం. ఆ ధైర్యంతో ఇంకోచోట ఉన్న కాపీని తీసేస్తాం. ఫోల్డర్ ఖాళీ అని తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది. పేరుండి సరుకు లేని ఫోల్డర్లు తక్కువగా ఉన్నచోట, పేరు చూసి నమ్మడం కుదురుతుంది. నేను ఈ శుభ్రత గురించి పట్టుబట్టేది అందుకే. వెతుకులాటలో విసుగు తగ్గడం, బ్యాకప్ లిస్టు చిన్నదవడం లాంటివి ఉన్నాయి గానీ, అవన్నీ దీని తర్వాతే.

చూసి చెరపడంలో ఉన్న లోపం

ఇప్పుడు అసలు వాదనకి వస్తాను. ‘ఖాళీయేనా’ అని చూసే కోడ్ ఎన్ని రకాలుగా పొరబడగలదో ఒకసారి ఆలోచించండి.

అన్నిటికంటే మామూలుగా జరిగేది దాచిన ఫైళ్లు కనబడకపోవడం. లినక్స్, మ్యాక్ పాటించే యూనిక్స్ సంప్రదాయంలో డాట్‌తో మొదలయ్యే ఫైళ్లను, లిస్టు చూపే ఎల్‌ఎస్ కమాండ్ మామూలుగా చూపించదు. షెల్‌లో (మన కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రామ్‌లో) అన్ని పేర్లకీ బదులుగా వాడే స్టార్ గుర్తు కూడా వాటిని పట్టుకోదు. ఈ రెండిట్లో దేన్ని నమ్మి లెక్కపెట్టినా, సెట్టింగుల ఫైలు ఒక్కటే ఉన్న ఫోల్డర్ సున్నాగా లెక్కకొస్తుంది. విండోస్‌లో డిర్ కమాండ్‌కి హిడెన్ ఫైళ్లు కూడా చూపించమని చెప్పకపోతే అక్కడా ఇంతే.

దీనికంటే ప్రమాదకరమైనది ఎర్రర్‌ని సున్నాగా పొరబడటం. స్క్రీన్ మీద చెత్త పడకూడదని ఎర్రర్ మెసేజ్‌లను నల్‌కి (ఏది పంపినా మాయమయ్యే చోటికి) పంపేయడం షెల్ స్క్రిప్టుల్లో చాలా సాధారణం. నెట్‌వర్క్ డ్రైవ్ ఒక్క క్షణం స్పందించకపోతే లిస్టు రాదు, ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్‌ని మనం పారేశాం. మిగిలింది ఖాళీ అవుట్‌పుట్. స్క్రిప్టు దృష్టిలో ఫోల్డర్ ఖాళీ. మరుక్షణం కనెక్షన్ కోలుకుంటుంది, చెరిపే కమాండ్ మాత్రం చక్కగా పనిచేస్తుంది. ‘ఏమీ లేదు’ అన్నదీ ‘చూడలేకపోయాను’ అన్నదీ వేర్వేరు జవాబులు. చూసి చెరిపే స్క్రిప్టుల్లో ఎక్కువ వాటికి ఆ తేడా తెలియదు.

ఇక మూడోది సమయం. చూడటానికీ చెరపడానికీ మధ్య ఎంత చిన్నదైనా ఒక ఖాళీ ఉంటుంది. ఆ సందులో ఏదో డౌన్‌లోడ్, ఏదో సింక్ ప్రోగ్రామ్ ఒక ఫైల్‌ని ఆ ఫోల్డర్‌లో పెట్టొచ్చు. ఒక్క ఫోల్డర్ విషయంలో ఇది మిల్లీసెకన్ల మాటే. కానీ చాలా స్క్రిప్టులు ముందు మొత్తం డ్రైవ్ తిరిగి లిస్టు తయారుచేసుకుంటాయి, ఆ తర్వాత లిస్టు ప్రకారం చెరుపుతాయి. పెద్ద డ్రైవ్‌లో ఆ తేడా నిమిషాల్లో ఉంటుంది. పైగా కొందరు లిస్టు చూసుకుని, తృప్తి పడి, ఎప్పుడో తీరిగ్గా రెండో దశ నడుపుతారు.

ఈ సమస్య యూనిక్స్ అంత పాతది. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో ఫోల్డర్‌ని చెరపడానికి కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలాంటి భాగంలో) ప్రత్యేకమైన సిస్టమ్ కాల్, అంటే ప్రోగ్రాములు కెర్నెల్‌ని పని అడిగే దారి, లేదు. ఆర్‌ఎమ్‌డిర్ అప్పట్లో రూట్ (సర్వాధికారాలున్న యూజర్) హక్కులతో నడిచే మామూలు ప్రోగ్రామ్. ఫోల్డర్‌ని తెరిచి, ఎంట్రీలు ఒక్కొక్కటే చదివి, డాట్ (ఆ ఫోల్డరే), డాట్ డాట్ (దాని పై ఫోల్డర్) తప్ప వేరే ఏదీ లేదని తేల్చుకుని, ఆ రెండు ఎంట్రీలనూ తీసేసి, చివరికి ఫోల్డర్ పేరు తీసేసేది. అంటే మనవాళ్లు ఇవాళ స్క్రిప్టుల్లో చేస్తున్న పనే. ఆ అడుగుల మధ్య ఇంకో ప్రోగ్రామ్ దూరితే అడ్డుకునేది ఏదీ లేదు. 1983లో వచ్చిన 4.2బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్ ఫోల్డర్‌ని సృష్టించడాన్నీ చెరపడాన్నీ సిస్టమ్ కాల్స్‌గా కెర్నెల్‌లోకి తెచ్చింది. ఇప్పుడు కెర్నెల్ ఆ ఫోల్డర్‌కి తాళం వేసి, ఖాళీయో కాదో చూసి, ఖాళీ అయితేనే తీసేస్తుంది. చూడటం, తీయడం రెండూ ఒకటే పని. మధ్యలో ఎవరూ దూరలేరు. ఇంత చక్కగా పరిష్కరించి చేతికిచ్చిన సమస్యని మళ్లీ మన స్క్రిప్టులో మొదటి నుంచి తెచ్చిపెట్టుకోవడం నాకు నచ్చదు.

పైథాన్‌లో ఇదే విషయం ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఫోల్డర్లన్నీ తిరిగే ఓఎస్ వాక్ ఫంక్షన్‌తో కింది నుంచి పైకి తిరిగేలా చెప్పి, ‘సబ్‌ఫోల్డర్లూ లేవు, ఫైళ్లూ లేవు’ అని రెండు లిస్టులూ చూసి చెరిపే కోడ్ చాలాచోట్ల కనబడుతుంది. అది కొత్తగా ఖాళీ అయిన ఫోల్డర్లను వదిలేస్తుంది. ఎందుకంటే కింది నుంచి పైకి తిరిగినా, పై ఫోల్డర్ లిస్టుని అది లోపలికి దిగకముందే చదివి పెట్టుకుంటుంది. లోపలి ఫోల్డర్‌ని మనం చెరిపేసినా ఆ పాత లిస్టులో దాని పేరు ఇంకా ఉంటుంది. దాంతో స్క్రిప్టుని నాలుగైదు సార్లు నడిపితే గానీ పని పూర్తికాదు. అదే లిస్టుల జోలికి పోకుండా ప్రతి ఫోల్డర్ మీదా ఆర్‌ఎమ్‌డిర్‌ని ప్రయత్నించి, ఖాళీ కాదంటే ముందుకెళ్లిపోతే ఒక్క రౌండులోనే అంతా అయిపోతుంది. జాగ్రత్త పెరిగింది, కోడ్ తగ్గింది. ఇలాంటి బేరం తరచూ దొరకదు.

తప్పు జరగక మానదు

నా స్క్రిప్టులో తప్పుల్లేవు, బాగా టెస్ట్ చేశాను అని ఎవరైనా అంటే వాళ్ల నైపుణ్యాన్ని నేను శంకించను. అయినా చెరిపే కోడ్ విషయంలో నైపుణ్యం మీద ఆధారపడటం సరిపోదు. 2011లో బంబుల్‌బీ అనే లినక్స్ గ్రాఫిక్స్ ప్రాజెక్టు ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒక పాత్ (ఫోల్డర్ చిరునామా) మధ్యలో పొరబాటున స్పేస్ పడింది. లోపలెక్కడో ఉన్న ఒక చిన్న ఫోల్డర్‌ని తీయాల్సిన లైన్, ఆ స్పేస్ వల్ల యూఎస్‌ఆర్ ఫోల్డర్ మొత్తాన్ని తుడిచిపెట్టే లైన్‌గా మారింది. సిస్టమ్‌లోని ప్రోగ్రాములన్నీ దాదాపు అక్కడే ఉంటాయి. 2015 జనవరిలో గేమ్‌ల ప్రోగ్రామ్ స్టీమ్ లినక్స్ వెర్షన్ స్క్రిప్టులో ఇలాంటిదే ఇంకొకటి బయటపడింది. ఒక వేరియబుల్ ఖాళీగా ఉండిపోతే, స్టీమ్ ఫోల్డర్‌ని చెరపాల్సిన లైన్ అన్ని ఫోల్డర్లకీ పైనున్న రూట్ ఫోల్డర్ నుంచి మొదలుపెట్టి యూజర్‌కి చెరిపే హక్కున్న ఫైళ్లన్నిటినీ చెరిపేసేది. ఆ లైన్ పైన స్క్రిప్టు రాసినవాళ్లే ఇది భయపెట్టేలా ఉందని కామెంట్ పెట్టుకున్నారు కూడా.

రెండు చోట్లా వాడింది ఆర్‌ఎమ్ ఆర్‌ఎఫ్, అంటే లోపలున్నవాటితో సహా, అడక్కుండా చెరిపే కమాండ్. ఆ పనులకి అది అవసరమే కావచ్చు, అక్కడ నిండు ఫోల్డర్లను తీయాలి. మన పని వేరు. ఖాళీ ఫోల్డర్లు తీయడానికి ఆర్‌ఎఫ్‌తో పనే లేదు. అదే పాత్‌లో అదే స్పేస్ పడి, అక్కడ ఆర్‌ఎమ్‌డిర్ ఉండి ఉంటే, యూఎస్‌ఆర్ ఖాళీ కాదని ఒక లైన్ మెసేజ్ వచ్చేది. అంతటితో అయిపోయేది. వేరియబుల్ ఖాళీగా ఉండిపోతే మహా అయితే మీడియా, ఎమ్‌ఎన్‌టీ లాంటి ఖాళీ ఫోల్డర్లు ఒకటో రెండో పోయేవి, అదీ రూట్‌గా నడిపితేనే. ఒక్క ఫైలు కూడా పోయేది కాదు. తప్పు చేయకుండా ఉండటం మన చేతుల్లో పూర్తిగా ఉండదు. చేసిన తప్పు ఎంత నష్టం చేయగలదన్నది మాత్రం మనం ఎంచుకున్న కమాండ్‌ని బట్టి ఉంటుంది.

ముందు డ్రై రన్ (ఏదీ చెరపకుండా, ఏవి చెరిపేదో చూపించే ప్రయోగం) చేసుకుంటే చాలదా అని అడుగుతారు. డ్రై రన్ మంచిదే, నేనూ చేస్తాను. కానీ అది ఆ క్షణానికి తీసిన ఫొటో. అసలు రన్ నాటికి పరిస్థితి మారి ఉండొచ్చు. పైగా వందల లైన్ల లిస్టు స్క్రీన్ మీద దూసుకుపోతుంటే నిజంగా ప్రతి లైనూ చదివేవాళ్లు ఎవరు? మొదటి పది చూస్తాం, చివరి పది చూస్తాం, ఎంటర్ కొట్టేస్తాం. డ్రై రన్ వల్ల స్క్రిప్టు ఎక్కడెక్కడ తిరుగుతోందో తెలుస్తుంది, అనుకోని చోట అడుగుపెడుతుంటే పట్టుకోవచ్చు. నిండు ఫోల్డర్‌ని కాపాడే పని మాత్రం దానిది కాదు.

ఫైండ్ విషయంలో

లినక్స్ తెలిసినవాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు: ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్‌కి లినక్స్‌లో మామూలుగా ఉండే జీఎన్‌యూ వెర్షన్‌లో ఎంప్టీ అనే టెస్టు ఉంది, డిలీట్ అనే యాక్షన్ ఉంది, ఒక్క లైన్‌లో అయిపోతుంది కదా అని. నిజమే. డిలీట్ వాడితే ఫైండ్ తనంతట తనే లోపలి వాటిని ముందు, బయటి వాటిని తర్వాత చూస్తుంది కాబట్టి ఒకదాంట్లో ఒకటున్న ఖాళీ ఫోల్డర్లు ఒకేసారి పోతాయి. ఫోల్డర్ల విషయంలో అది లోపల వాడేది కూడా ఖాళీ అయితేనే తీసే సిస్టమ్ కాలే. కాబట్టి నేను పైన చెప్పిన రక్షణ దానికీ ఉంది.

అయినా నేను దాన్ని వాడను, ఇంకొకరికి చెప్పను. ఫైండ్ తన షరతులను ఎడమ నుంచి కుడికి వరసగా చూస్తుంది. ‘ఫోల్డర్ అయితే, ఖాళీ అయితే, చెరుపు’ అని రాయాల్సిన చోట డిలీట్‌ని ముందుకి తెచ్చి రాశామా, అది ‘చెరుపు, ఆ తర్వాత ఫోల్డరేమో చూడు’ అవుతుంది. మొదలుపెట్టిన చోటి నుంచి కింద ఉన్న ఫైళ్లన్నీ పోతాయి. దాని మాన్యువల్‌లోనే ఈ హెచ్చరిక ఉంది. పదాల వరస మారితే సర్వం పోయే లైన్‌ని, ఏడాదికోసారి గుర్తు తెచ్చుకుని టైప్ చేసే పనికి వాడకూడదన్నది నా అభిప్రాయం.

దాని బదులు నేను చేసేది మూడు కమాండ్ల గొలుసు. ఫైండ్ ఫోల్డర్ల పేర్లు మాత్రం ఇస్తుంది. సార్ట్ వాటిని తిరగేసి పేరుస్తుంది. ఎక్స్‌ఆర్గ్స్ ఒక్కో పేరునీ ఆర్‌ఎమ్‌డిర్‌కి అందిస్తుంది. ఇందులో ఎంప్టీ టెస్టు కూడా లేదు, గమనించండి. ఉన్న ఫోల్డర్లన్నీ ఆర్‌ఎమ్‌డిర్ ముందుకి వెళ్తాయి, ఖాళీవి పోతాయి, మిగతావాటిని అది ముట్టుకోదు. ఫైండ్‌కి ‘ఫోల్డర్లు మాత్రమే’ అని చెప్పడం మర్చిపోయినా నష్టం లేదు. ఫైల్ పేరు ఇస్తే ఇది ఫోల్డర్ కాదని ఆర్‌ఎమ్‌డిర్ తిప్పికొడుతుంది. ఫైండ్ భాగంలో ఎంత గందరగోళంగా రాసినా, చివర్లో ఉన్న కమాండ్‌కి ఫైల్‌ని చెరిపే శక్తి లేదు. ఇదే గొలుసు చివర ఆర్‌ఎమ్ ఆర్‌ఎఫ్ పెట్టి ఊహించుకోండి, తేడా తెలుస్తుంది.

తిరగేసి పేర్చడం ఎందుకంటే, పై ఫోల్డర్ పాత్ ఎప్పుడూ దాని లోపలి ఫోల్డర్ పాత్‌కి మొదటి భాగంగా ఉంటుంది. అక్షర క్రమంలో చిన్నది ముందొస్తుంది. తిరగేస్తే లోపలిది ముందొస్తుంది. విండోస్‌లో చాలా ఏళ్లుగా తిరుగుతున్న ఒక లైన్ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది: డిర్‌తో ఫోల్డర్ల లిస్టు తీసి, సార్ట్‌తో తిరగేసి, ఒక్కొక్కటే ఆర్‌డికి ఇవ్వడం. ఆ లైన్ రాసిందెవరో గానీ, పద్ధతి సరిగ్గా పట్టుకున్నారు.

ఫైండ్‌లోనే లోపలివి ముందు చూసే డెప్త్ అనే ఆప్షన్ ఉండగా సార్ట్ ఎందుకని అడగొచ్చు. కొన్ని ఫోల్డర్లలోకి అసలు దిగవద్దని చెప్పడానికి ప్రూన్ వాడతాం. డెప్త్ ఉన్నప్పుడు ప్రూన్ పనిచేయదు. లోపలికి దిగి వచ్చాక గానీ ఆ ఫోల్డర్ పేరు చూడదు కాబట్టి, దిగవద్దని అప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. డిలీట్ తనంతట తనే డెప్త్‌ని తెస్తుంది కాబట్టి దానితోనూ ఇదే చిక్కు. ఇంకో మూడు చిన్న విషయాలు: పేర్లలో స్పేస్‌లు, కొత్త లైన్లు ఉన్నా పాడవకుండా మూడు కమాండ్లకీ, పేర్లలో ఎప్పుడూ రాని నల్ క్యారెక్టర్‌తో విడదీయమని చెప్పాలి, మొదలుపెట్టిన ఫోల్డరే పోకుండా మిన్‌డెప్త్ 1 పెట్టాలి, వేరే డ్రైవ్‌లలోకి పోకుండా ఎక్స్‌డెవ్ పెట్టాలి.

ఆర్‌ఎమ్‌డిర్ నిండు ఫోల్డర్ ఎదురైన ప్రతిసారీ ఫిర్యాదు చేస్తుంది. స్క్రీన్ నిండిపోతుంది. ఎర్రర్లన్నిటినీ నల్‌కి పంపేయాలనిపిస్తుంది. పంపొద్దు. జీఎన్‌యూ ఆర్‌ఎమ్‌డిర్‌కి ‘ఖాళీ కాదన్న ఎర్రర్‌ని మాత్రం పట్టించుకోకు’ అని చెప్పే ఆప్షన్ ఉంది. అది పెడితే అనుమతి లేదనీ, వాడకంలో ఉందనీ వచ్చే మెసేజ్‌లు మిగులుతాయి. వాటిని చదవాలి. డిస్క్ గురించి మనకి తెలియని విషయాలు చెప్పేవి అవే.

ఖాళీగా ఉండటమే పనైనవి

ఇంతవరకు చెప్పింది నిండు ఫోల్డర్ని పొరబాటున చెరపకుండా ఉండటం గురించి. ఆర్‌ఎమ్‌డిర్ దాన్ని నూటికి నూరుపాళ్లూ చూసుకుంటుంది. అది చూసుకోలేనిది ఇంకొకటి ఉంది. ఖాళీగా ఉన్నా అవసరమైన ఫోల్డర్లు. ఇక్కడ కెర్నెల్ మనకి సాయం చేయలేదు. మనమే తెలుసుకోవాలి.

కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ వాడేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది డాట్ గిట్ ఫోల్డర్. గిట్ ఒక ఫోల్డర్‌ని రిపాజిటరీగా (ఆ చరిత్ర ఉన్న ఫోల్డర్‌గా) గుర్తించడానికి అందులో హెడ్ ఫైలు, ఆబ్జెక్ట్స్ ఫోల్డర్, రెఫ్స్ ఫోల్డర్ ఉన్నాయా అని చూస్తుంది. బ్రాంచీల వివరాలన్నీ ఒకే ఫైల్‌లోకి ప్యాక్ అయిన తర్వాత రెఫ్స్ లోపలి ఫోల్డర్లు ఖాళీగా ఉండొచ్చు. మన స్క్రిప్టు వాటిని తీసేస్తుంది, దాంతో రెఫ్స్ కూడా ఖాళీ అవుతుంది, అదీ పోతుంది. ఆ తర్వాత ఏ గిట్ కమాండ్ ఇచ్చినా ఇది రిపాజిటరీ కాదనే జవాబు వస్తుంది. కమిట్లన్నీ (దాచిన మార్పులన్నీ) భద్రంగానే ఉంటాయి. రెఫ్స్ పేరుతో ఖాళీ ఫోల్డర్ ఒకటి మళ్లీ పెడితే చాలు, అంతా తిరిగొస్తుంది. కానీ ఆ సంగతి తెలియని మనిషికి కలిగే టెన్షన్ చిన్నది కాదు. సంవత్సరాల పని పోయిందనుకుని, భయంతో ఇంకేవో కమాండ్లు నడిపి, నిజంగానే పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

గిట్‌తోనే ఇంకో చిక్కు. అది ఫైళ్లనే ట్రాక్ చేస్తుంది, ఖాళీ ఫోల్డర్లను చేయదు. లాగ్స్, అప్‌లోడ్స్ లాంటి ఫోల్డర్ ఖాళీగానైనా ఉండాలంటే అందులో డాట్ గిట్‌కీప్ అనే ఉత్తుత్తి ఫైల్‌ని పెట్టడం వాడుక. ఆ పేరు గిట్ పెట్టింది కాదు, జనం అలవాటుగా పెట్టుకున్నది. దాన్ని చెత్త ఫైలనుకుని ఏ స్క్రిప్టూ తీయకూడదు. అది ఒకరు కావాలని రాసి పెట్టిన మాట.

మెయిల్ సర్వర్లలో వాడే మెయిల్‌డిర్ పద్ధతి ఇంకో ఉదాహరణ. డేనియల్ జె. బెర్న్‌స్టీన్ క్యూమెయిల్ కోసం రూపొందించిన ఈ పద్ధతిలో ప్రతి మెయిల్‌బాక్స్‌కీ టెంప్, న్యూ, కర్ అని మూడు ఫోల్డర్లుంటాయి. వచ్చిన మెయిల్ ముందు టెంప్‌లో రాసి, పూర్తయ్యాక న్యూలోకి జరుగుతుంది. టెంప్ దాదాపు ఎప్పుడూ ఖాళీయే. చదవని మెయిళ్లు లేకపోతే న్యూ కూడా ఖాళీయే. వీటిని శుభ్రం చేస్తే ఆ మెయిల్‌బాక్స్‌కి ఉత్తరం చేరకపోవచ్చు.

మౌంట్ పాయింట్లు, అంటే తగిలించిన డ్రైవ్‌లోని ఫైళ్లు కనబడే ఫోల్డర్లు, కూడా అంతే. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తగిలించి ఉన్నప్పుడు ఆ ఫోల్డర్‌ని తీయబోతే వాడకంలో ఉందని కెర్నెల్ ఆపుతుంది. డ్రైవ్ ఊడదీసి ఉన్నప్పుడు అది మామూలు ఖాళీ ఫోల్డర్, ఇట్టే పోతుంది. తర్వాత బూట్ చేసినప్పుడు ఆ డ్రైవ్ మౌంట్ కాకపోవచ్చు. ఎక్స్‌టీ4 డ్రైవ్ మొదట్లో కనబడే లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్ ఖాళీగా ఉందంటే సంతోషించాలి. ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్నప్పుడు దొరికిన ముక్కలను రిపేర్ ప్రోగ్రామ్ పెట్టేది అందులోనే.

ఇవన్నీ చూశాక నేను పెట్టుకున్న నియమం ఒకటే. నేను చేత్తో సృష్టించి, నేను చేత్తో సర్దుకునే చోటే ఈ స్క్రిప్టు నడుపుతాను. ఫొటోలు, డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్లు, పాత బ్యాకప్‌లు. ఒక ప్రోగ్రామ్ తన పని కోసం కట్టుకున్న ఫోల్డర్లలోకి వెళ్లను, హోమ్ ఫోల్డర్ మొత్తం మీద నడపను, రూట్‌గా అసలే నడపను. మినహాయింపుల లిస్టు పెద్దగా తయారుచేసి మిగతా అంతా తిరిగే స్క్రిప్టులు చూశాను. ఆ లిస్టు ఎప్పటికీ పూర్తికాదు, రేపు ఇంకో ప్రోగ్రామ్ వస్తుంది. ఎక్కడ నడవాలో చెప్పే లిస్టు చిన్నది, దాన్ని నమ్మొచ్చు. డాట్ గిట్‌ని మాత్రం అక్కడ కూడా ప్రూన్ చేస్తాను, ఎందుకంటే డాక్యుమెంట్లలో రిపాజిటరీలు పెట్టుకునేవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడే పుట్టిన ఫోల్డర్ల సంగతి కూడా ఉంది. చాలా ప్రోగ్రాములు ముందు ఫోల్డర్ సృష్టించి, తర్వాత అందులో ఫైల్ తెరుస్తాయి. ఆ రెండిటి మధ్య మన స్క్రిప్టు వచ్చిందంటే ఫోల్డర్ నిజంగానే ఖాళీగా ఉంటుంది, ఆర్‌ఎమ్‌డిర్ నిజాయితీగా తీసేస్తుంది, ఆ ప్రోగ్రామ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. దీనికి మందు వయసు. ఫోల్డర్ మారి కనీసం కొన్ని రోజులైనా అయ్యిందా అని ఫైండ్ ఎమ్‌టైమ్‌తో చూస్తే సరిపోతుంది. లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ తాత్కాలిక ఫోల్డర్లను శుభ్రం చేసేటప్పుడు కూడా వయసునే చూస్తుంది, దాని సొంత డిఫాల్టు టెంప్‌కి 10 రోజులు, వార్ టెంప్‌కి 30 రోజులు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. లోపలి ఫోల్డర్‌ని తీయగానే పై ఫోల్డర్ మార్పు సమయం కొత్తదవుతుంది. ముందుగా తీసిన లిస్టులో లేని పై ఫోల్డర్ ఒక్కోసారి ఈ విడతలో మిగిలిపోయి తర్వాతి విడతలో పోతుంది. దానికి తొందరేమీ లేదు.

ఇక చూడటానికి ఖాళీగా ఉండి ఖాళీ కానివి. మ్యాక్‌లో ఫైండర్ పెట్టే డాట్ డీఎస్ స్టోర్, విండోస్ పెట్టే థంబ్స్ డీబీ, డెస్క్‌టాప్ ఐఎన్ఐ ఒక్కటే ఉన్నా ఆర్‌ఎమ్‌డిర్ ఆ ఫోల్డర్‌ని ముట్టుకోదు. ఇది దాని లోపం అని కొందరు విసుక్కుంటారు. నాకైతే ఇదే సరైన ప్రవర్తన. ఆ ఫైళ్లు అక్కర్లేదన్నది మన నిర్ణయం. దాన్ని మనం విడిగా, పేరు పెట్టి, వేరే కమాండ్‌గా చేయాలి. ‘ఈ రకం ఫైళ్లుంటే ఖాళీ కిందే లెక్క’ అని స్క్రిప్టుకి నేర్పడం మొదలుపెడితే, మళ్లీ ఖాళీ అంటే ఏమిటో తేల్చే పని మన కోడ్‌కే వచ్చి పడుతుంది. ముందు ఆ మూడు పేర్లున్న ఫైళ్లను తీసేయండి. అది ఫైళ్లు చెరిపే పని అని తెలిసి, ఆ జాగ్రత్తతో తీయండి. తర్వాత మామూలు స్క్రిప్టు నడపండి.

చివరిగా లాగ్ గురించి. ఫైల్‌ని చెరిపాక దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే లోపలున్నదంతా ఎక్కడో కాపీ ఉండాలి. ఖాళీ ఫోల్డర్‌లో ఉన్నదల్లా దాని పేరు, ఓనరు, పర్మిషన్లు, తేదీ. వీటిని ఒక లైన్‌లో రాసిపెట్టుకుంటే పూర్తి బ్యాకప్ అయినట్టే. జీఎన్‌యూ ఆర్‌ఎమ్‌డిర్‌కి వెర్బోస్ ఆప్షన్ ఇస్తే ఏ ఫోల్డర్ తీయబోతోందో చెబుతూ పోతుంది, కానీ పేరు మాత్రమే చెబుతుంది, అదీ తీయలేకపోయినవాటితో సహా. అందుకే ఆర్‌ఎమ్‌డిర్‌కి ఇచ్చే ముందే ఫైండ్‌తో ఈ నాలుగు వివరాలూ ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి రాయించి, తేదీతో పేరు పెట్టి దాచుకుంటాను. ఏదైనా ప్రోగ్రామ్ తన ఫోల్డర్ కనబడటం లేదని ఫిర్యాదు చేస్తే ఆ ఫైల్‌లో వెతికి, ఎమ్‌కేడిర్‌తో అదే పేరుతో పెట్టేయడం క్షణాల పని. ఆ టెక్స్ట్ ఫైల్ మాత్రం శుభ్రం చేస్తున్న ఫోల్డర్ బయట ఉండాలి. లోపలే పెడితే, అది ఉన్న ఫోల్డర్ ఇక ఎప్పటికీ ఖాళీ కాదు.